గోల్ఫ్ ఆటలో మంచి హోలు ఎట్లుండవలెను?

గోలీలాట ఎరుగని తెలుగు పిల్లవాడుండడు. నేలలో చిన్న గుంట త్రవ్వి, కొంత దూరమున గీత గీచి, గోలీని ఆ గుంటలోనికి చేర్చుటకై పిల్లలు ఎండను కూడ లెక్కచేయక గంటలకొలది గడపుదురు. గుంటచుట్టు నేల అద్దమువలె సమముగా నున్నచో ఆట త్వరలోనే విసుగు పుట్టించును. ప్రక్కన ఒక చెట్టువేరో, చిన్న మిట్టయో, వాననీరు కోసిన గాడియో ఉన్నచో ఆటకు రుచి కలుగును. వేరును తప్పించి చుట్టు తిరిగి వచ్చువాడొకడు, మిట్టమీదుగా దొర్లించువాడొకడు, గాడిలో పడినను పడనిమ్మని సూటిగా కొట్టువాడు వేరొకడు. నేల ఒకటే, గుంట ఒకటే; కాని ముగ్గురికిని మూడు దారులు. గోల్ఫ్ మైదానమును తీర్చువారు వందల ఎకరములలో చేయు పని స్థూలముగా ఇదియే.

మన దేశమున గోల్ఫ్ ఆడువారి సంఖ్య స్వల్పమే అయినను ఆ ఆట మనకు క్రొత్తది కాదు. కలకత్తాలోని రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్బు 1829లో స్థాపింపబడినది. బ్రిటిష్ దీవులకు వెలుపల వెలసిన గోల్ఫ్ సంఘములలో నేటికిని నిలిచియున్న వానియందు అదియే మొదటిది. హైదరాబాదున గోల్కొండ కోటను అంటియున్న నయాఖిల్లా ప్రాంతమునను ఒక గోల్ఫ్ మైదానము కలదు. ఈ ఆటను ఆడనివారికి సయితము దాని మైదానపు కూర్పు తెలిసికొనదగిన విషయము. ఏలయన, బలవంతుడును బలహీనుడును ఒకే నేలమీద, ఒకే సమయమున, ఇద్దరును సంతోషముగా ఆడుకొనునట్లు చేయుట ఎట్లు అను ప్రశ్న అందు ఇమిడి యున్నది.

ముందుగా కొన్ని మాటలకు అర్థము చెప్పుకొందము. గోల్ఫ్‌లో హోలు అను మాటకు రెండర్థములు. బంతి చివరకు పడవలసిన గుంట ఒకటి. దాని వ్యాసము నాలుగుం బావు అంగుళములు. ఈ కొలతను స్కాట్లండులోని సెంట్ ఆండ్రూస్ పట్టణపు రాయల్ అండ్ ఏన్షెంట్ క్లబ్బు 1891లో స్థిరపరచినది. ఆట మొదలిడు చోటునుండి ఆ గుంటవరకు గల నిడివి మొత్తమునకును హోలు అనియే పేరు. మేము ఈ వ్యాసమున హోలు అనునది ఈ రెండవ అర్థముననే. ఇట్టివి పదునెనిమిది చేరి ఒక పూర్తి మైదానమగును. ఆరంభస్థలమును టీ అనియు, నడుమ పొట్టిగా కత్తిరించిన గడ్డిబాటను ఫెయిర్‌వే అనియు, గుంట చుట్టునుండు నున్నని పచ్చికను గ్రీను అనియు, ఇసుకతో నిండిన పల్లములను బంకరులనియు అందురు. నేర్పరియైన ఆటగాడు ఒక హోలును ముగించుటకు పట్టవలసిన దెబ్బల సంఖ్య పారు. అది హోలు నిడివినిబట్టి మూడో, నాలుగో, ఐదో అయియుండును.

ఇక మంచి హోలు అనగా నేమి? కష్టమైనదే మంచిదని కొందరందురు. చూపునకు అందమైనదే మంచిదని మరికొందరందురు. ఈ రెండింటిలోను కొంత నిజమున్నది కాని, రెండును చాలవు. కష్టమే ఆనందమైనచో, ఫెయిర్‌వేను గజమంత వెడల్పునకు కుదించి ఇరువైపుల చెరువులు త్రవ్వినచో చాలును. అందమే ఆనందమైనచో మొదటి దినమున మురిసిన ఆటగాడు పదవ దినమునకు విసుగుచెందును. ఒకే హోలును జీవితకాలమున వేయిమారులు ఆడినను విసుగు పుట్టనీయని గుణమేదో వేరుగా నుండవలెను. దానిని వెదకుటకు ఆ ఆట పెరిగిన చోటికే పోవుట మేలు.

సెంట్ ఆండ్రూస్‌లోని పాత మైదానమును ఏ ఒక్క శిల్పియు మొదటినుండి గీసి కట్టలేదు. అది సముద్రపు టొడ్డున ఇసుకమీద గడ్డి మొలిచిన నేల. చలిగాలికి గొర్రెలు ఒదిగి పడుకొన్న చోట్లు క్రమముగా బంకరులైనవని చెప్పుదురు. పూర్వము అచట ఒకసారి ఆడుటకు ఇరువదిరెండు హోళ్లుండెడివి. 1764లో మొదటి నాలుగింటిని రెండుగా కలిపిరి. ఊరినుండి పోవునపుడును, ఊరికి తిరిగి వచ్చునపుడును అవే దారులు గనుక మొత్తము పదునెనిమిదికి దిగినది. నేడు ప్రపంచమంతట గోల్ఫ్ పదునెనిమిది హోళ్ల ఆట యగుటకు మూలమిదియే. తరువాత ఆడువారు పెరుగగా పోవువారికిని వచ్చువారికిని వేరువేరు గుంటలు అవసరమైనవి. గ్రీనులను వెడల్పుచేసి ఒక్కొక్కదానియందు రెండేసి గుంటలు ఏర్పరచిరి. అందుచేతనే అచట నేటికిని ఏడు జంట గ్రీనులున్నవి. దారులు వెడల్పగుటచే ఒకే హోలును ఎడమనుండియు, కుడినుండియు, నడుమనుండియు ఆడుట సాధ్యమైనది. ఎవరును ఉద్దేశింపని ఈ వెడల్పే తరువాతి శిల్పులకు పాఠమయ్యెను.

ఈ పాఠమును ఆటగాడు ఎట్లు నేర్చుకొనునో తెలుపు వృత్తాంతమొకటి కలదు. 1921లో అమెరికా యువకుడు బాబీ జోన్స్ పందొమ్మిదేండ్ల ప్రాయమున ఓపెన్ పోటీకై సెంట్ ఆండ్రూస్ వచ్చెను. మూడవ ఆవృత్తియందు గాలి పెచ్చరిల్లెను. పదునొకండవ హోలునొద్ద బంకరులో చిక్కుకొని, విసిగి, పోటీనుండి తొలగెను. ఆ మైదానముపై అతనికి నాడు కలిగిన అభిప్రాయము మంచిది కాదు. అతడే 1927లో మరల వచ్చి అచటనే ఓపెన్ గెలిచెను. 1930లో బ్రిటిష్ అమెచ్యూర్ పోటీని కూడ అచటనే గెలిచెను. 1958లో సెంట్ ఆండ్రూస్ పట్టణము అతనికి పౌరసత్వ గౌరవమిచ్చినది. అమెరికావారిలో అంతకు పూర్వము ఆ గౌరవమందినవాడు 1759లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒక్కడే. మైదానము మారలేదు. సూటిగా కొట్టిన దెబ్బకెల్ల బహుమానము రావలెనని తలచిన యువకుడు, ఏ దినమున ఏ గాలికి ఏ దారి తగునో ఆలోచించుట నేర్చుకొనెను. మొదట అన్యాయముగా తోచినది తరువాత సంభాషణగా మారినది.

ఆ మైదానమునందలి పదునేడవ హోలును కొంచెము నిదానించి చూతము. దీనిని రోడ్ హోల్ అందురు. పారు నాలుగు. టీ యొద్ద నిలిచినవాని యెదుట కుడివైపున పూర్వపు రైల్వే షెడ్ల ఆకారమున కట్టిన కట్టడమును, దాని వెనుక హోటలును ఉండును. ఫెయిర్‌వే ఆ కట్టడముల మాటున కుడికి వంగియుండును. గ్రీను సన్నగా, ఏటవాలుగా, అరుగువలె ఎత్తున నుండును. దాని ముందు ఎడమవైపున లోతైన బంకరు. వెనుక రోడ్డు, రోడ్డున కావల రాతిగోడ. బంతి రోడ్డుమీద పడినచో రోడ్డుమీదనే కొట్టవలెను.

ఇప్పుడు ఆటగాని మనస్సును పరికింపుడు. ధైర్యశాలి కట్టడము మీదుగా కుడి అంచునకు కొట్టును. తప్పినచో బంతి హద్దు దాటి శిక్ష పడును. తప్పనిచో రెండవ దెబ్బకు గ్రీను అనుకూలముగా తెరచుకొనును. జాగరూకుడు ఎడమకు కొట్టును. అచట అపాయము లేదు. కాని రెండవ దెబ్బకు అతనికిని గుంటకును నడుమ ఆ బంకరే అడ్డముగా నిలుచును. మొదటి దెబ్బలో మిగిల్చుకొన్న భయము రెండవ దెబ్బలో వడ్డీతో తీర్చవలసివచ్చును. మూడవవాడు బలహీనుడు. అతడు రెండవ దెబ్బతో గ్రీను ముందరి పల్లమువరకు మాత్రమే చేర్చి, మూడవదానిని మెల్లగా గుంటవద్దకు దొర్లించును. ఐదుతో ముగించి పోవచ్చును, అదృష్టమున్నచో నాలుగు. బంకరునుగాని రోడ్డునుగాని అతడు చూడవలసిన పని లేదు.

కాగా గ్రీను చేరినంతమాత్రమున అపాయము తీరిపోదు. 1978 ఓపెన్ పోటీలో జపాను ఆటగాడు నకజిమా రెండు దెబ్బలలోనే గ్రీను చేరెను. గుంటవైపు మెల్లగా దొర్లించిన బంతి నేలవాలును పట్టుకొని ఆ బంకరులోనికి జారిపోయెను. వెలికి తీయుటకు నాలుగు దెబ్బలు పట్టినవి. మొత్తము తొమ్మిదితో ఆ హోలు ముగిసెను. ఇందుకు భిన్నమైన దృష్టాంతము 2000 సంవత్సరమునాటిది. ఆ పాత మైదానమున నూటపన్నెండు బంకరులున్నవి. టైగర్ వుడ్స్ నాలుగు దినములు ఆడి ఒక్కదానిలోనైనను పడక, పారుకంటె పందొమ్మిది తక్కువ దెబ్బలతో గెలిచెను. బలము అతనికి తోడ్పడినమాట నిజమే. ఎచట కొట్టరాదో తెలిసికొనుట అంతకు తక్కువగా తోడ్పడలేదు.

హోళ్ల కూర్పును విమర్శకులు మూడు తెగలుగా విభజింతురు. మొదటిది దండన పద్ధతి. ఇందు ఆజ్ఞ ఒక్కటే, మీరినవానికి శిక్ష. రెండవది వ్యూహ పద్ధతి. ఇందు దారులు పెక్కు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క వెల. రోడ్ హోల్ ఇట్టిది. మూడవది సాహస పద్ధతి. ఇందు నీటినో లోయనో అడ్డముగా, ఏటవాలుగా ఉంచి, నీవెంత దూరము దాటగలవో నీవే నిర్ణయించుకొనుమని ఆటగానికి విడిచిపెట్టుదురు. ఎక్కువ దాటినవానికి తరువాతి దెబ్బ చిన్నదగును. తక్కువ దాటినవాడు చుట్టు తిరిగి వచ్చును. మన పులిజూదము తెలిసినవారికి ఈ భేదము సులభముగా తెలియును. పులి కదలుటకు ఒకే గడి ఖాళీగా మిగిలినపుడు ఆట ముగిసినట్లే. నాలుగు గడులు ఖాళీగా ఉన్నపుడే ఇరువురికిని ఉత్సాహము.

ఈ విషయమును శాస్త్రముగా చెప్పిన వారిలో అలిస్టర్ మెకంజీ ముఖ్యుడు. అతడు వైద్యుడు. దక్షిణాఫ్రికాలోని బోయర్ యుద్ధమున సైనిక వైద్యుడుగా పనిచేయుచు, బోయర్లు తమ కందకములను నేలలో కలిసిపోవునట్లు మరుగుపరచుకొను విధమును గమనించెను. 1914లో ‘కంట్రీ లైఫ్’ పత్రిక జరిపిన హోలు చిత్రణ పోటీలో మొదటి బహుమతి పొందెను. 1920లో గోల్ఫ్ మైదానముల నిర్మాణముపై పుస్తకము ప్రకటించెను. యుద్ధమున నేర్చిన మరుగువిద్యను అతడు ఆటకు త్రిప్పెను. మనిషి కట్టిన మిట్టలు సహజముగా పుట్టినట్లుండవలెను. బంకరు చూపునకు భయంకరముగా నుండవలెను గాని, దాని ప్రక్కనుండి పోవుటకు నిజముగా చాలినంత చోటుండవలెను. భయము కంటికి, అవకాశము కాలికి. ఇట్టి హోలును దాటిన సామాన్యుడు తాను గొప్ప కార్యము చేసితినని ఇంటికి సంతోషముతో పోవును.

మెకంజీయు బాబీ జోన్స్‌యు కలిసి అమెరికాలోని జార్జియా రాష్ట్రమున ఆగస్టా నేషనల్ మైదానమును తీర్చిరి. సెంట్ ఆండ్రూస్‌లో నూటికి పైగా బంకరులుండగా, ఇచట మొదట ముప్పదికి లోపు మాత్రమే ఉంచిరి. దాని పదమూడవ హోలు పారు ఐదు. ఫెయిర్‌వే ఎడమకు వంగును. ఎడమ అంచున వాగు. ఆ వాగే చివర గ్రీను ముందునుండి అడ్డముగా పారును. వాగునకు దగ్గరగా మొదటి దెబ్బ వేసినవానికి చదునైన నేలయు, దగ్గరి దారియు దొరకును. అతడు రెండవ దెబ్బతోనే గ్రీను చేరవచ్చును. దూరముగా వేసినవాడు వాగున కీవల ఆగి, మూడవ దెబ్బతో చేరును. ఇద్దరును చేరుదురు, వెల వేరు. మెకంజీ 1934 జనవరిలో మరణించెను. ఆ మైదానమున మాస్టర్స్ అని ప్రసిద్ధమైన పోటీ ఆ మార్చిలోనే మొదలైనది. దానిని చూచు భాగ్యము అతనికి కలుగలేదు.

పొడవు లేకున్నను హోలు రక్తికట్టవచ్చును. స్కాట్లండులోని నార్త్ బెర్విక్‌లో పదునైదవ హోలునకు రెడాన్ అని పేరు. క్రిమియా యుద్ధమున ముట్టడింపబడిన ఒక కోటబురుజు పేరది. పారు మూడే. గ్రీను కుడి ముందరినుండి ఎడమ వెనుకకు వాలియుండును. ఎడమ ముందు లోతైన బంకరు. గుంటకు సూటిగా కొట్టుట కష్టము. కుడివైపు నేలపై పడవేసి, వాలును నమ్ముకొని, బంతి దానంతటదియే ఎడమకు దొర్లిపోవునట్లు చేయుట ఉపాయము. నేలను శత్రువుగా గాక సహాయకునిగా చేసికొను ఈ కూర్పును మెచ్చి, చార్లెస్ మెక్‌డొనాల్డ్ అమెరికాలోని నేషనల్ గోల్ఫ్ లింక్స్ మైదానమున దానిని అనుకరించెను. నేడది లోకమున మిక్కిలిగా అనుకరింపబడు హోళ్లలో నొకటి. కాలిఫోర్నియాలో జార్జి థామస్ తీర్చిన రివియెరా మైదానపు పదవ హోలు పారు నాలుగు అయినను మూడువందల పదునైదు గజములకు మించదు. బలశాలి ఒక్క దెబ్బతో గ్రీను చేరగలడు. కాని ఇరుకైన ఆ గ్రీను ఏటవాలుగా నుండుటచే, ఎడమకు మెల్లగా కొట్టి రెండవ దెబ్బకు మంచి దారి సంపాదించుకొన్నవాడే పలుమారులు లాభపడును. ఆశ చూపుటయే ఆ హోలు యొక్క ఆయుధము.

ఫ్లోరిడాలోని సాగ్రాస్ మైదానమున పదునేడవ హోలు మరొక తీరు. నూట ముప్పదియేడు గజముల దూరమున, నీటినడుమ దీవివంటి గ్రీను. పీట్ డై ఆ మైదానమును కట్టునపుడు అచట ఇసుక త్రవ్వి తీయగా పెద్ద గొయ్యి ఏర్పడినది. దానిని నీటితో నింపి దీవి చేయుమని అతని భార్య ఆలిస్ డై సూచించెను. ఇచట దారి ఒక్కటే. బలహీనుడు తప్పించుకొనుటకు వీలులేదు. చూచువారికి మహోత్సాహము. ఒక మైదానమున ఇట్టిది ఒకటి ఉన్నచో అది ఉత్సవము; పదునెనిమిదియు ఇట్లే ఉన్నచో శిక్ష. ఈ ఆలిస్ డైయే, స్త్రీలకు వారి బలమునకు తగిన ఆరంభస్థలములు ఉండవలెనని చిరకాలము వాదించినదనుట గమనింపదగును. ఒకే హోలున నాలుగైదు టీలు ముందువెనుకలుగా నున్నచో తాతయు మనుమరాలును కలిసి ఆడవచ్చును. ఇద్దరికిని అదే వాగు, అదే బంకరు, అదే సందిగ్ధము ఎదురగును.

ఒంటిగా మంచివైన పదునెనిమిది హోళ్లను ప్రక్కప్రక్కన పేర్చినంతమాత్రమున మైదానము మంచిది కాదు. కచ్చేరిలో కీర్తనలన్నియు ఒకే కాలప్రమాణమున పాడినచో శ్రోత ఎంతసేపు కూర్చుండును? ఒక హోలు గాలికి ఎదురుగను, వేరొకటి వాలుగను, ఇంకొకటి అడ్డముగను సాగవలెను. పొడవైనదాని తరువాత పొట్టిది రావలెను. కఠినమైనదాని తరువాత ఊపిరి పీల్చుకొనుటకు సులభమైనదుండవలెను. ఒక గ్రీనునుండి తరువాతి టీకి నడక కొద్దిగా నుండవలెను.

ఇంతవరకు చెప్పినదంతయు వినోదవిషయమే. కాని దీనియందు నేడు ఒక గట్టి వివాదము కలదు. బంతులును, వానిని కొట్టు కోలలును శాస్త్రబలముచే మెరుగగుటచే, నేర్పరులు కొట్టు దూరము మిక్కిలి పెరిగినది. నాడు ప్రమాదస్థానములైనవి నేడు వారి తలక్రింద పడియుండును. దీనికి సులభమైన మందు హోళ్లను పొడిగించుట. రోడ్ హోల్ 2010లో 455 గజములనుండి 495 గజములకు పొడిగింపబడినది. ఆగస్టా పదమూడవ హోలునకై ప్రక్కనున్న క్లబ్బునుండి 2017లో భూమి కొని, 2023లో 510 గజములను 545 గజములు చేసిరి. ధనవంతులైన క్లబ్బులకిది సాధ్యము. సముద్రమునకును ఊరికిని నడుమ ఇరుకుకొనియున్న పాత మైదానములు ఎచటికి జరుగగలవు? ఆటను శాసించు రెండు సంస్థలును 2023 డిసెంబరులో బంతి పరీక్షను కఠినపరచి దాని దూరమును తగ్గింపవలెనని నిర్ణయించి ప్రకటించినవి. ఈ నిర్ణయమును మెచ్చువారును, నిందించువారును ఉన్నారు.

మాకు తోచునదేమనగా, పొడవు తాత్కాలికమైన మందే. పొడవైన మైదానమునకు భూమి ఎక్కువ, నీరు ఎక్కువ, ఖర్చు ఎక్కువ. వేసవిలో త్రాగునీటికే ఇబ్బందిపడు మనవంటి దేశమున ఇది చిన్న విషయము కాదు. పైగా పదిమంది నేర్పరులకై పెంచిన ప్రతి గజమును మిగిలిన వేలమంది నడువవలెను. సందిగ్ధమును కల్పించు చిన్న మిట్టకు, ఏటవాలుగా పెట్టిన గ్రీనుకు గజముల అవసరము లేదు. రివియెరా పదవ హోలు నూరేండ్లకు సమీపించినను నేటి బలశాలులను తికమక పెట్టుచునే యున్నది.

సెంట్ ఆండ్రూస్ పాత మైదానము పట్టణప్రజల సొత్తు. 1797లో పట్టణము అప్పులపాలై ఆ నేలను కోల్పోయినది. 1894లో పార్లమెంటు చట్టమువలన తిరిగి సంపాదించుకొనినది. ఇప్పటికిని పెద్ద పోటీలు లేని ఆదివారములందు అచట ఆట నిలిపివేయబడును. ఊరివారు పిల్లలతో, కుక్కలతో ఆ పచ్చికమీద షికారు చేయుదురు. ఎవరును ఎవరిని అడ్డగింపరు.

మన పాఠకులలో ఎవరైనను ఎప్పుడైనను ఒక గోల్ఫ్ మైదానమునకు పోవుట తటస్థించినచో, లేదా టెలివిజనులో పోటీని చూచుట తటస్థించినచో, ఒక చిన్న పరీక్ష చేయవచ్చును. టీ యొద్దనుండి గాక, గ్రీనుమీద నిలిచి వెనుకకు చూడుడు. ఏ వైపునుండి వచ్చు బంతికి ఈ గ్రీను స్వాగతమిచ్చునో, ఏ వైపు బంతిని త్రోసివేయునో తెలియును. తరువాత ఆ స్వాగతపు దారి వెంట వెనుకకు నడిచినచో, శిల్పి అపాయమును ఎచట ఉంచెనో కనబడును. చివరకు ఒక్క ప్రశ్న వేసికొనుడు: డెబ్బదియేండ్ల వృద్ధుడు బంతి పోగొట్టుకొనకుండ దీనిని ముగింపగలడా? పాతికేండ్ల బలశాలి ఇచట ఒక్క క్షణమైనను ఆగి ఆలోచించునా? రెండింటికిని అవుననియే జవాబు వచ్చినచో, అది మంచి హోలు.